బలిపీఠం దగ్గర ఆగిన కానుక

కొండమీద ప్రసంగంలో యేసు చెప్పిన ఒక చిన్న సంగతిని మనం చాలాసార్లు విన్నాం గానీ, అందులోని దూరాన్ని ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాడికి, తనవల్ల నొచ్చుకున్న సోదరుడు ఒకడున్నాడని అక్కడ గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు వెళ్ళి అతనితో సమాధానపడమన్నాడు. అర్పణ తరవాతి మాట. విన్నవాళ్ళేమో గలిలయ జనం. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య నూరు కిలోమీటర్లకు పైమాటే. కాలినడకన మూడు నాలుగు రోజులు. గలిలయ రైతు ఒకడు అంత దూరం నడిచి వచ్చి, తన వంతు వచ్చే వేళకు వెనక్కి తిరిగి, ఊరికి పోయి, తగువు తీర్చుకుని మళ్ళీ రావాలన్నమాట. వారం పైన పట్టే పని.

దేవుని పని మధ్యలో ఆపడమే మహా పాపమనుకునే జనానికి, ఆపమని చెప్పిన మాట ఇది. హృదయపూర్వకమైన ఆరాధన అంటే ఏమిటన్న ప్రశ్నకు రెండు వేల ఏళ్ళుగా క్రైస్తవ లోకం ఇచ్చిన జవాబులు ఎన్నో ఉన్నాయి. కొందరు క్రమం అన్నారు, కొందరు కన్నీళ్ళు అన్నారు, కొందరు మౌనం, కొందరు సేవ అన్నారు. ఆ జవాబులను వరసగా చూసి, తెలుగు సంఘాల అనుభవంతో కలిపి తూకం వేయడం ఈ వ్యాసం ఉద్దేశం. నా తూకపురాయి మాత్రం ఆ గలిలయ రైతే. అవసరమైనప్పుడు ఆగగలిగే ఆరాధనే నిజమైనదని నేననుకుంటున్నాను.

మాటల్లో దాగినది

హీబ్రూలో 'అవోదా' అనే మాట ఉంది. పొలం దున్నడం, యజమాని దగ్గర చాకిరీ, గుడారంలో యాజకుడి సేవ, మూడింటికీ అదే మాట. ఆదికాండం రెండో అధ్యాయంలో ఏదెను తోటలో ఆదాముకు అప్పగించిన సేద్యం కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. కొత్త నిబంధన గ్రీకులో ముఖ్యంగా రెండు మాటలు కనిపిస్తాయి. 'ప్రోస్కునేఓ' అంటే సాగిలపడటం, 'లత్రేయా' అంటే సేవ చేయడం. సమరయ స్త్రీతో ఆరాధన గురించి మాట్లాడినప్పుడు యేసు నోట వచ్చింది మొదటిది. రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో మీ శరీరాలనే సజీవయాగంగా ఇవ్వండని పౌలు రాసినప్పుడు వాడింది రెండోది.

తెలుగులో ప్రొటెస్టెంట్లు 'ఆరాధన' అంటారు, కతోలికులు 'దివ్యబలిపూజ' అంటారు. పల్లెలో ఏ అమ్మనడిగినా 'ప్రార్థనకెళ్ళొచ్చాం' అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. పాత మాటలన్నిటిలో వంగిన నడుము ఉంది, చెమట ఉంది. అనుభూతి అన్న అర్థం మాత్రం వాటిలో దేనికీ మూలం కాదు. ఇవాళ ఆరాధన 'బాగా జరిగింది' అన్నప్పుడు మనం కొలిచేది దాదాపుగా అనుభూతినే. చర్చ మొదలవ్వాల్సింది ఇక్కడే.

పాటలు ఆపమన్న దేవుడు

క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో తెకోవ ఊరి పశువుల కాపరి ఆమోసు, ఉత్తర రాజ్యంలోని బేతేలు ఆలయానికి వచ్చి ప్రవచించాడు. దేశం కలిమిలో ఉంది. పండుగలు ఘనంగా జరుగుతున్నాయి. వాద్యాలకూ బలులకూ కొరత లేదు. అదే దేశంలో జత చెప్పుల కోసం పేదవాణ్ణి అమ్మేస్తున్నారు, తూనికల్లో మోసం చేస్తున్నారు, తాకట్టు పెట్టుకున్న బట్టల మీద బలిపీఠాల పక్కనే పడుకుంటున్నారు. మీ పాటల చప్పుడు నా దగ్గర్నుంచి తీసేయండి, న్యాయాన్ని ఏరులా పారనీయండి అన్న భావం వచ్చే ఆ ప్రవచనం క్రైస్తవ ఆరాధన చరిత్రంతటికీ మొదటి సమీక్ష అనుకోవచ్చు.

యెషయా అదే మాటను యెరూషలేములో చెప్పాడు. ప్రార్థన కోసం చాపిన చేతులు రక్తంతో నిండి ఉన్నాయన్నాడు. పెదవులు దగ్గర, గుండె దూరం అని మరోచోట అన్నాడు. వేలకొద్దీ పొట్టేళ్ళ లెక్క మీకా ముందు పెడితే, అతను దాన్ని పక్కకు తోసి న్యాయం, కనికరం, దీనమనసు అనే మూడింటిని ముందు పెట్టాడు. ఒక్క విషయం గమనించాలి. ఈ ప్రవక్తలెవరూ ఆలయాన్ని మూసేయమనలేదు. బలి అర్పించేవాడి వాకిట్లో ఏం జరుగుతోందో చూడకుండా బలిని అంచనా వేయొద్దన్నారు, అంతే. గుండె దూరం కావడమంటే ఏకాగ్రత చెదరడమని మనం అర్థం చెప్పుకుంటాం. వాళ్ళ లెక్కలో దూరమైన గుండెకు గుర్తు దొంగ తూనిక.

బావి దగ్గర, ఆలయం దగ్గర

యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో సమరయ స్త్రీ అడిగింది స్థలం గురించి. మా పితరులు ఈ గెరిజీము కొండ మీద ఆరాధించారు, మీరు యెరూషలేము అంటారు, ఏది సరి అని. యేసు జవాబు రెండు చోట్లనూ దాటి, తండ్రిని ఆత్మతో, సత్యంతో ఆరాధించే వాళ్ళ దగ్గరికి పోయింది. ఈ 'సత్యం' అన్న మాటకు చాలామంది సరైన సిద్ధాంతం అని అర్థం చెబుతారు. అది తప్పేమీ కాదు. ఆ సంభాషణ నడిచిన తీరు చూస్తే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఆరాధన ప్రస్తావన రావడానికి ముందే ఆమె ఇంటి సంగతి బయటికొచ్చింది. ఆమె దాన్ని కాదనలేదు. కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పోయి, నా సంగతంతా చెప్పిన మనిషి ఉన్నాడు రమ్మని అందరినీ పిలిచింది. దాపరికం పోయిన చోట ఆరాధన మొదలైంది.

సువార్తల్లో ఈ ధోరణి మళ్ళీ మళ్ళీ వస్తుంది. ముసలి తల్లిదండ్రులకు ఇవ్వాల్సినదాన్ని 'కొర్బాను', అంటే దేవార్పితం, అని చెప్పి తప్పించుకునే వాళ్ళను యేసు నిలదీశాడు, యెషయా మాటను గుర్తుచేసింది అప్పుడే. ఆలయంలో పరిసయ్యుడి ప్రార్థన పొడుగ్గా ఉంది. సుంకరి ప్రార్థన ఒక్క ఊపిరి. విధవరాలి రెండు కాసుల కథకు సరిగ్గా ముందు, విధవరాళ్ళ ఇళ్ళు మింగేసి పైకి దీర్ఘ ప్రార్థనలు చేసేవాళ్ళ మీద హెచ్చరిక ఉంటుంది. కానుకల ఆదివారం నాడు మన ప్రసంగాల్లో రెండు కాసులే మిగులుతాయి, ముందు మాట జారిపోతుంది.

జక్కయ్య సంగతి మరీ తేట. యేసు ఆ ఇంట్లో ఉండగా అతను పాట పాడినట్టు, ప్రార్థన చేసినట్టు లూకా రాయలేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అనడానికి ఆ లెక్క చాలింది.

తొలి సంఘాల పద్ధతి

క్రీస్తు శకం 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ, రోమా చక్రవర్తి ట్రాజనుకు ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవులను పట్టి విచారిస్తే తేలిందేమిటో అందులో ఉంది. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారు, క్రీస్తును దేవుడిగా ఎంచి ఒకరికొకరు బదులుగా కీర్తన పాడుకుంటారు, తరవాత ప్రమాణం చేస్తారు. ఏమని? దొంగతనం చేయబోమని, వ్యభిచరించబోమని, మాట తప్పబోమని, నమ్మి దాచుకున్న సొమ్మును అడిగినప్పుడు ఎగ్గొట్టబోమని. పగవాడు రాసిన రిపోర్టు కాబట్టి దీని విలువ ఎక్కువ. ఆరాధన క్రమంలోనే అప్పుసప్పుల నిజాయితీ ఒక అంశం!

దాదాపు అదే కాలానికి చెందిన 'దిదాఖే' అనే చిన్న బోధ గ్రంథం రోజుకు మూడుసార్లు ప్రభువు నేర్పిన ప్రార్థన చేయమంటుంది. తోటివాడితో తగువు ఉన్నవాడు, రాజీపడేదాకా ఆదివారపు రొట్టె విరుచుటకు రాకూడదని కూడా అంటుంది. అంటే గలిలయ రైతు మాటను వాళ్ళు ఉపమానంగా తీసుకోలేదు, నియమంగా పెట్టుకున్నారు. 155 ప్రాంతంలో రోములో యుస్తీను అనే తత్వవేత్త వర్ణించిన ఆదివారం కూడికలో లేఖన పఠనం, ప్రసంగం, ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం ఉన్నాయి. ఉన్నవాళ్ళు ఇచ్చినది అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు పోతుందని రాశాడు. కానుక ఎటు పోతుందో చెప్పడం ఆరాధనను వర్ణించడంలో భాగమైంది.

అన్నిచోట్లా ఇంత చక్కగా ఉందనుకోవడానికి వీల్లేదు. అంతకు ముందే కొరింథులో కలిగినవాళ్ళు ముందుగా తిని తాగి, కూలి చేసుకుని ఆలస్యంగా వచ్చిన పేదలను ఆకలితో నిలబెట్టారు. మీరు తింటున్నది ప్రభురాత్రి భోజనమే కాదని పౌలు తెగేసి చెప్పాడు. రొట్టె అదే, పలికిన మాటలూ అవే. ఆకలితో ఉన్నవాడి కోసం ఆగకపోవడమే తప్పయింది. నాలుగో శతాబ్దంలో యోహాను క్రిసొస్తొం కూడా ఇదే దారిలో, గుడిలో క్రీస్తుకు పట్టుబట్టలు కట్టి, బయట చలికి వణికే క్రీస్తును పట్టించుకోకపోతే ఏం లాభమని అంతియొకయలో అడిగాడు.

వంటగదీ చెప్పుల కుట్టూ

సంఘానికి రాజ్యం అండ దొరికాక, ఆరాధన గొప్ప కట్టడాల్లోకి చేరింది. దానికి ఎదురుగా కొందరు ఎడారుల్లోకి, మఠాల్లోకి పోయారు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు రాసిన మఠ నియమావళి పగలు ఏడు వేళలు, రాత్రి ఒక వేళ ప్రార్థన పెట్టింది. మిగతా సమయం చేతిపని, చదువు. మఠంలోని గిన్నెలను, పనిముట్లను బలిపీఠం మీది పాత్రలంత జాగ్రత్తగా చూడమని సామాన్ల గది పెద్దకు చెబుతుంది. ఇంకొక ముచ్చట చాలామందికి తెలియదు. ఉదయం, సాయంత్రం ప్రభువు ప్రార్థనను పెద్దగా అందరూ వినేలా చెప్పాలని అందులో ఉంది. కారణం, కలిసి బతికేచోట మనస్పర్థల ముళ్ళు మొలుస్తూనే ఉంటాయి, క్షమాపణ మాట పలికించి వాటిని రోజుకు రెండుసార్లు ఏరిపారేయాలి. అనుదిన క్రమానికి ఇంతకన్నా చక్కటి సమర్థన నేను చూడలేదు. అలవాటు భక్తిని చంపుతుందని మనం భయపడతాం. బెనెడిక్టు అలవాటును కలుపు తీసే కొడవలిగా వాడాడు.

పదహారో శతాబ్దంలో లూథరు ఆరాధనను జనం భాషలోకి తెచ్చాడు. 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాసి, ఇంటి యజమాని పిల్లలకూ పనివాళ్ళకూ నేర్పాలన్నాడు. ఉదయ ప్రార్థన అయ్యాక సంతోషంగా పనికి పొమ్మని అందులో సలహా ఉంటుంది. యాజకుడి పనికే దైవత్వం ఉందన్న భావనను పక్కన పెట్టి, పాలు పితికే మనిషి, బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రి చేసేదీ దేవుని సేవేనన్నాడు.

పదిహేడో శతాబ్దంలో పారిస్ కార్మెలైట్ మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. అసలు పేరు నికొలా హెర్మన్. యుద్ధంలో గాయపడిన సిపాయి, పెద్దగా చదువుకోలేదు. ఏళ్ళ తరబడి వంటగదిలో పని, తరవాత చెప్పులు బాగుచేసే పని. వంటపని అతనికి స్వతహాగా గిట్టేది కాదు. అయినా గిన్నెల చప్పుడు మధ్యా, మందిరంలో మోకరించినప్పుడూ దేవుని సన్నిధి తనకు ఒక్కలాగే ఉందని చెప్పేవాడు. 1691లో చనిపోయాక అతని ఉత్తరాలు, సంభాషణలు అచ్చయి, కతోలికులకన్నా ప్రొటెస్టెంట్లే ఎక్కువ చదివిన పుస్తకమయ్యాయి. దీన్ని చదివి వంటగదిని ముచ్చటగా ఊహించుకోవడం తేలిక. గిట్టని పనిలో ఏళ్ళు గడిచాకే ఆ మాట వచ్చిందన్నది మరచిపోకూడదు.

కన్నీళ్ళ తూకం

ఇంకొక జవాబు ఉద్వేగం. 1740 ప్రాంతంలో అమెరికా న్యూ ఇంగ్లండులో గొప్ప ఉజ్జీవం వచ్చి, జనం ఏడ్చారు, కేకలు పెట్టారు, సొమ్మసిల్లారు. ఇది దేవుని పనా, ఉన్మాదమా అని పెద్ద వివాదం. ఆ ఉజ్జీవంలోనే ఉన్న జొనాథన్ ఎడ్వర్డ్స్ 1746లో భక్తి భావోద్వేగాల మీద ఒక గ్రంథం రాశాడు. భావం లేని మతం మతమే కాదన్నాడు. అదే సమయంలో, భావం ఎంత తీవ్రంగా ఉందన్నది, ఒళ్ళు ఎంత కదిలిందన్నది, నోట వాక్యాలు ఎంత ధారాళంగా వచ్చాయన్నది దేనికీ రుజువు కాదన్నాడు. అతను చెప్పిన పన్నెండు గుర్తుల్లో చివరిదీ, ఎక్కువ పేజీలు రాసిందీ, నడవడి.

ఉద్వేగాన్ని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. దావీదు మందసం ముందు గంతులేస్తే మీకాలు వెక్కిరించింది, లేఖనం ఆమె పక్షం తీసుకోలేదు. మన పల్లెల్లో ఉపవాస ప్రార్థనకు వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి గట్టిగా ఏడవడానికి వారమంతటిలో దొరికే చోటు అదొక్కటే. అత్తగారి ముందు ఏడవలేదు, భర్త ముందు ఏడవలేదు, పిల్లల ముందు అసలే ఏడవలేదు. మోకాళ్ళ మీద కొంగు కప్పుకుని ఆమె పెట్టే గోడును నాటకం అనే హక్కు ఎవరికీ లేదు. హన్నా పెదవులు కదులుతుంటే తాగి ఉందనుకున్న యాజకుడు ఏలీ పొరపాటు మనకు హెచ్చరిక. వేరేవాళ్ళ కన్నీటిని తూచడం మన పని కాదు. మన కన్నీటిని మనం తూచుకోవాలంటే మాత్రం ఎడ్వర్డ్స్ తక్కెడ పనికొస్తుంది.

తెలుగు నేల మీద

1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరడంతో తెలుగు నేల మీద ప్రొటెస్టెంటు సేవ మొదలైంది, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. ఆరాధన తెలుగుదైంది మాత్రం కీర్తనలతో. పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటి కవులు మన రాగతాళాల్లో, మన పద్యకవుల మాటల పొందికతో క్రీస్తును పాడారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అక్షరం రానివాళ్ళ నోటిలో కూడా ఉండేది. లాంతరు వెలుగులో ఒకరు పల్లవి ఎత్తితే ఇంటిల్లిపాదీ అందుకునేవారు. వేదాంతం నేర్పింది ప్రసంగాలకన్నా ఆ పాటలే.

ఆరాధనలో చిత్తశుద్ధి ప్రశ్న మన దగ్గర తీవ్రంగా వచ్చింది ఒంగోలు ప్రాంతంలో. 1876–78 నాటి ధాత కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని గుత్తకు తీసుకుని వేల మందికి కూలి కల్పించాడు. బాప్తిస్మం అడిగేవాళ్ళు గుంపులుగా వచ్చారు. గింజల కోసం వచ్చారన్న నింద పడుతుందని, కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ప్రపంచమంతా ఆ సంఖ్యను చెప్పుకుంది. నాకు ఆ సంఖ్యకన్నా దానికి ముందు ఆగిన నెలలే ముఖ్యం. చేతిలోకి వచ్చిన కానుకను కూడా పక్కన పెట్టి, మనసులు తేటపడేదాకా ఆగిన సందర్భం అది.

ఆ వచ్చినవాళ్ళలో అత్యధికులు మాదిగలు. తోలుపని, చెప్పుల కుట్టు, పొలంలో చాకిరీ వాళ్ళ బతుకు. వాళ్ళ కథలను క్లౌ భార్య ఎమ్మా 1899లో పుస్తకంగా రాసినప్పుడు పేరులోనే చెప్పుల కుట్టును పెట్టింది. తొలి విశ్వాసుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరా నడిచి, తోలుపని చేసేవాళ్ళ మధ్య కూర్చుని, పని సాగుతుండగానే క్రీస్తు సంగతి చెప్పేవాడు. పారిస్ మఠంలో లారెన్స్ కుట్టిందీ చెప్పులే, గుండ్లకమ్మ ఒడ్డున వీళ్ళు కుట్టిందీ చెప్పులే. ఒకాయన పేరు భక్తి గ్రంథాల వరసలో నిలిచింది. రెండో వాళ్ళ వేదాంతం వాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోయింది.

వాళ్ళకు చెప్పిన తొలి కట్టుబాట్లలో ఆదివారం పని మానడం ఒకటి, ఊరి దేవతల కొలుపులో పాల్గొనకపోవడం ఒకటి. చెప్పడానికి చిన్నవి. కూలి ఆసాముల చేతిలో, డప్పు ఊరి చేతిలో ఉన్నవాడికి అవి ఊరి వెలినీ, దెబ్బలనూ, ఆకలినీ తెచ్చిన నియమాలు. వారానికొకరోజు నేను నీ మనిషిని కాదని ఆసామికి చెప్పడమే వాళ్ళ ఆరాధన. ఇవాళ సెలవు రోజున ఏసీ హాల్లో కూర్చునే మనకు ఆదివారం విలువ తెలియాలంటే ఆ ముత్తాతలను అడగాలి.

ఇరవయ్యో శతాబ్దంలో మూడు దారులు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. మొదటిది డోర్నకల్. 1912లో అక్కడ తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయిన వి.యస్. అజరయ్య, బాప్తిస్మం పొందిన ప్రతివాడూ సాక్షేనని నేర్పాడు, పంటల పండుగలాంటి మన ఆచారాలను ఆరాధనలోకి తెచ్చాడు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కేథడ్రల్‌లో గుడి, మసీదు కట్టడపు పోకడలు కలిసి కనిపిస్తాయి. రెండోది భక్త్ సింగ్ (1903–2000). పంజాబు సిక్కు కుటుంబం నుంచి వచ్చి, 1950 నుంచి హైదరాబాదు హెబ్రోనును కేంద్రంగా చేసుకున్నాడు. ఆ సంఘాల్లో ప్రసంగానికి ముందు విశ్వాసులు ఒక్కొక్కరే లేచి సొంత మాటల్లో స్తుతి చెప్పే దీర్ఘమైన వేళ ఉంటుంది. తరవాత అందరూ చాపల మీద వరసగా కూర్చుని ప్రేమ విందు తింటారు. పక్కపక్కన కూర్చుని తినడమే పెద్ద తిరుగుబాటు అయిన దేశంలో, ఆ విస్తరి కూడా ఆరాధనలో భాగమే. మూడోది 1938లో ముంగమూరి దేవదాసు మొదలుపెట్టిన బైబిలు మిషను. దేవుని ఎదుట నిశ్శబ్దంగా కనిపెట్టే 'సన్నిధి' అనే అభ్యాసాన్ని అది మన ఇళ్ళలోకి తెచ్చింది.

కతోలికుల్లో జపమాల, గుణదల మాత కొండకు ఏటా ఫిబ్రవరిలో సాగే యాత్ర ఇంటి భక్తికి ఆధారాలు. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన పత్రం, విశ్వాసులు చూస్తూ కూర్చోక పూర్తిగా పాల్గొనాలంది. ఆ తరవాతే దివ్యబలిపూజ లాటిన్ నుంచి తెలుగులోకి వచ్చింది.

ఇంటి బలిపీఠం

ఇన్ని ఉద్యమాల కింద, ఎవరూ చరిత్ర రాయని ఒక ఆరాధన నడుస్తూ వచ్చింది. రాత్రి అన్నానికి ముందో తరవాతో కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన, ఒక అధ్యాయం, చిన్నవాడితో మొదలుపెట్టి ఒక్కొక్కరి ప్రార్థన. బియ్యం కడగబోయే ముందు దేవుని పేర పిడికెడు తీసి పక్కన కుండలో వేసే అలవాటు. నెలాఖరుకు ఆ కుండ గుడికి పోతుంది. పిడికెడు తగ్గినా కడుపు నిండాలన్న లెక్క ఆ ఇల్లాలికి రోజూ ఉంటుంది, అందుకే అది మాటల ప్రార్థనకన్నా నమ్మదగినది.

కుటుంబ ప్రార్థనకు ఇంకో గుణం ఉంది. గుడిలో మనల్ని చూసేవాళ్ళకు మన ఆదివారం బట్టలే తెలుసు. ఇంట్లో చాప మీద కూర్చున్నవాళ్ళకు మన కోపం తెలుసు, అబద్ధం తెలుసు. సాయంత్రం పిల్లవాణ్ణి అన్యాయంగా కొట్టిన తండ్రికి, రాత్రి ప్రార్థన చెయ్యాలంటే నోరు పెగలదు. ఆ నోరు పెగలని క్షణమే గలిలయ రైతు వెనక్కి తిరిగిన చోటు. 'తప్పయిపోయిందిరా' అని ముందు కొడుకుతో అని, తరవాత 'పరలోకమందున్న తండ్రీ' అని మొదలుపెట్టిన ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఆరాధన మీద వేరే పాఠం అక్కర్లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి గుళ్ళు మూతపడి, ఈస్టరు ఇళ్ళలోనే జరిగింది. కుటుంబ ప్రార్థన అలవాటున్న ఇళ్ళు ఆ నెలలను దాటిన తీరు వేరు, ఆరాధనంతా వేదిక మీదనే చూడటం అలవాటైన ఇళ్ళు దాటిన తీరు వేరు. గల్ఫు దేశాల్లో ఇంటిపనికి పోయిన మన కడప, గోదావరి ఆడపడుచులకు ఇది పాత సంగతే. వారపు సెలవు శుక్రవారమైతే ఆ రోజే వాళ్ళకు ఆదివారం. ఆ సెలవూ దొరకనివాళ్ళు అందరూ పడుకున్నాక, ఫోన్లో ఊరి పాస్టరుగారి వాక్యం వింటూ వంటగది గచ్చు మీదే ప్రార్థన చేసుకుంటారు.

ఇప్పటి చిక్కులు

నేటి తెలుగు ఆరాధన మీద వినిపించే ఫిర్యాదుల్లో మొదటిది హోరు. కీబోర్డు, ప్యాడ్లు, ట్రాకులు, వేదిక లైట్లు. పాడేవాళ్ళు పది మంది, చూసేవాళ్ళు వెయ్యి మంది. వాద్యం పాపం కాదు, కీర్తనల గ్రంథం చివరి అధ్యాయం నిండా వాద్యాలే. కానీ ఆ ధ్వనికి నిద్రపట్టని పక్కింటి రోగి, పరీక్షకు చదివే పిల్ల ఉన్నప్పుడు, మైకు తగ్గించడం కూడా ఆరాధన క్రమంలో భాగమని ఎందుకు అనుకోం?

రెండోది ఫోను. స్తుతిలో చేతులెత్తిన మనిషిని పక్కనున్నవాడు వీడియో తీస్తున్నాడు, కాసేపటికి అది షార్ట్ అయి తిరుగుతుంది. గది తలుపేసుకుని ప్రార్థించమన్న మాటకు ఇంత విడ్డూరమైన ఎదురుజవాబు ఇంకోటి ఉండదు. మూడోది సొమ్ము. విత్తనం వేస్తే వంద రెట్లు పంట అన్న బోధ, కానుకను పెట్టుబడిగా మార్చేసింది. పిడికెడు బియ్యం వేసిన అమ్మ వడ్డీ లెక్క వేసుకోలేదు.

నాలుగోది అన్నిటికన్నా లోతైనది, కులం. ఒకే గిన్నెలోది తాగి, ఒకే రొట్టె తిని, బయటికొచ్చాక సంబంధం మాట వస్తే 'మీరేమిట్లు' అని అడిగే సంఘం కొరింథుకు ఎంత దూరంలో ఉంది? కులాన్ని బట్టి ఆదివారం కూడికలు వేరైన ఊళ్ళు మనకు తెలియనివి కావు. ఈ గాయాన్ని ముట్టకుండా ఆరాధన నాణ్యత గురించి ఎన్ని సెమినార్లు పెట్టినా ఆమోసు సంతృప్తి పడడు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. 'సమాధానపడమన్నాడు' అన్న మాటను మన సంఘాల్లో తిరగేసి వాడుతుంటారు. తాగొచ్చి కొట్టే భర్తను క్షమించమని దెబ్బలు తిన్న ఇల్లాలికే చెబుతారు. కూలి ఎగ్గొట్టిన సంఘ పెద్దను వదిలేయమని కూలివాడికే చెబుతారు. మత్తయి సువార్త ఐదో అధ్యాయం మళ్ళీ చదవండి. కానుక వదిలి లేచిపోవాల్సింది నొప్పి పడ్డవాడు కాదు, నొప్పి పెట్టినవాడు. నడవాల్సిన నూరు కిలోమీటర్లూ అతనివే.

తూకం

ఈ జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఒక్క రూపమూ మరొకదాన్ని తీసిపారేసే హక్కు సంపాదించుకోలేదు. ప్రార్థన పుస్తకం చూసి చదివే సి.ఎస్.ఐ. పెద్దాయన, జపమాల తిప్పే కతోలిక అవ్వ, భాషలు మాట్లాడే పెంతెకొస్తు తమ్ముడు, మౌనంగా సన్నిధిలో కూర్చున్న చెల్లెలు, నలుగురిలో ఎవరి మనసు నిజమో బయటనుంచి చెప్పలేం. క్రమం ఖాళీగా ఉండొచ్చు, కన్నీరూ ఖాళీగా ఉండొచ్చు, మౌనంలో అహంకారం కూర్చుని ఉండొచ్చు, సేవను ఫొటో కోసం చేయొచ్చు. దిదాఖే నుంచి బెనెడిక్టు దాకా, కొరింథు నుంచి గుండ్లకమ్మ దాకా నిలిచిన గుర్తు ఒకటే. తోటి మనిషి కోసం ఆగాల్సి వచ్చినప్పుడు ఆ ఆరాధన ఆగిందా, లేదా?

అందుకే హృదయపూర్వకంగా ఆరాధించాలనుకునే పాఠకులకు కొత్త పాట, కొత్త పద్ధతి చెప్పను. వచ్చే ఆదివారం కానుక కవరు చేతిలో ఉండగా ఎవరో ఒకరు గుర్తొస్తారు. పాలు పంచి ఇవ్వని తమ్ముడో, జీతం ఆలస్యమైన పనిమనిషో, మాట పడి ఊరుకున్న భార్యో, తిరిగివ్వని అప్పో. ఆ గుర్తును సైతాను పెట్టిన పరధ్యానమని అనుకోకండి. కవరు బల్ల మీద పెట్టి, నిదానంగా లేచి వెళ్ళండి. పాట సగంలో ఉన్నా ఫరవాలేదు, పాస్టరుగారు అనుకునేది అనుకుంటారు. దేవుడు ఆ కానుక దగ్గరే ఉంటాడు, మీరు తిరిగొచ్చేదాకా.